రెండో స్థానంలో ఇద్దరు

ఆవిడ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఆఫీసు వంటగదిలో మైక్రోవేవ్ ముందు నిలబడి ఉప్మా వేడి చేసుకుంటున్నాను. సస్కటూన్‌లో ఉండే ఆవిడ కూతురు మెసేజ్ పెట్టింది. అమ్మ ఈ ఉదయం నిద్రలోనే వెళ్ళిపోయింది, బాధపడలేదు అని. మనిషి పోయిందంటే ముందు ఏడుపు రావాలి. నాకు ముందు వచ్చింది పెద్ద నిట్టూర్పు. "హమ్మయ్య, ఆ ఫోను ముందే చేసేశాం" అనుకున్నాను. ఆ తరవాత ఉప్మా చెత్తబుట్టలో పడేశాను, అది వేరే సంగతి.

ఇందులో తప్పేముందో నాకు తెలియదు. తొంభై నాలుగేళ్ళ మనిషి నిద్రలో పోవడం కన్నా నాకు పెద్ద భయం ఇంకొకటి ఉండేది. ఒకప్పుడు తన దేశంలో గెలిచిన స్కేటింగ్ పందెం తనది కాదనీ, తాను తప్పు చేసి గెలిచాననీ నమ్ముతూ ఆవిడ డెబ్బై ఏళ్ళు బతికారు. అది ఆవిడదేనో కాదో తేల్చి తీరాలని పట్టుబట్టింది నేను. తేలేది ఇంకోలా తేలి ఉంటే, ఒక ముసలి మనిషి చివరి మూడేళ్ళూ పాడు చేసిన ఘనత నాదయ్యేది. "నీ నోరే నీకు శత్రువు" అని మా అమ్మ అనేది. ఆ ఒక్కసారికీ ఎలాగో గట్టెక్కాను.

మేం కలుసుకున్నదే పోట్లాటతో.

కెనడాలో, మా కాల్గరీ ఊళ్ళో జనవరి నడకంటే ఓవల్ స్టేడియానికి పోవలసిందే. పెద్ద పైకప్పు కింద నాలుగువందల మీటర్ల మంచు చుట్టు. దానిమీద స్పీడ్ స్కేటర్లు నడుం విరిగినట్టు వంగి గాలిని కోసుకుంటూ పోతుంటారు. మంచు చుట్టూ మనలాంటి వాళ్ళు నడవడానికి రబ్బరు ట్రాక్ ఒకటి ఉంది. దానికి రెండు లేన్లు. నేనూ, నా స్నేహితురాలు సునీతా శనివారం పొద్దున్న అక్కడ నడిచేవాళ్ళం. నడిచేవాళ్ళమో మాట్లాడేవాళ్ళమో అడక్కండి. వరంగల్ నుంచి వచ్చిన సునీత ఒక కథ మొదలుపెడితే నాలుగు చుట్లు పడుతుంది.

అలా మాటల్లో ఉండగా అవతలి పక్కనున్న తిన్నని దారిలో ఒక పెద్దావిడ బయటి లేన్ నుంచి ఏటవాలుగా వచ్చి నా భుజాన్ని రాసుకుంటూ లోపలికి దూరారు. పొడుగాటి మనిషి, ఉన్ని టోపీ, చేతులు రెండూ వెనక నడుం మీద కట్టుకుని ఉన్నారు.

"దారి నాది," అన్నారు, సారీ అనాల్సిన చోట.

"బోర్డు చదవలేదా? నడిచేవాళ్ళు లోపలి లేన్, పరిగెత్తేవాళ్ళు బయటి లేన్. మీరు ఇటూ అటూ మారుతున్నారు."

"నేను బయటినుంచి లోపలికి వస్తున్నాను. లోపలున్నవాళ్ళు ఆగి దారివ్వాలి. అది రూలు."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"మీ అమ్మ పుట్టకముందు పెట్టారు."

సునీత నా చెయ్యి పట్టి లాగింది. "ఏయ్, నడువ్ నడువ్. ముసలామెతోని ఏం పంచాయితీ నీకు?"

"ముసలావిడైతే ట్రాక్ రాసిచ్చారా?" అన్నాను తెలుగులో. ఆవిడకి భాష తెలియకపోయినా గొంతు తెలిసింది. వెనక్కి తిరిగి, "ఏమిటి లాయర్, ఇంకా వాదన అవ్వలేదా?" అన్నారు. ఆ రోజునుంచి పోయేదాకా నన్ను లాయర్ అనే పిలిచారు. నేను చదివింది ఫిజిక్స్ ఎమ్మెస్సీ. చేసేది ఒక ఆయిల్ కంపెనీలో సేఫ్టీ రిపోర్టులు రాయడం. ఎవరి కాలు జారింది, నిచ్చెన ఎవరు పట్టుకోలేదు, చూసినవాడు ఎంత దూరంనుంచి చూశాడు, ఇవన్నీ గుచ్చి గుచ్చి అడగడమే నా ఉద్యోగం. ఎంత చెప్పినా లాయర్‌కీ దానికీ తేడా ఆవిడకి కనబడలేదు.

తరవాతి శనివారం ఆవిడ మీద నిఘా పెట్టాను. ప్రతి చుట్టులోనూ ఆ తిన్నని దారిలోనే లేన్ మారుతున్నారు, ఒకసారి లోపలినుంచి బయటికి, ఒకసారి బయటినుంచి లోపలికి. స్పీడ్ స్కేటింగ్‌లో అంతేనట. ఇద్దరిద్దరు జతగా పరిగెత్తుతారు, లోపలి చుట్టు చిన్నది కాబట్టి ప్రతి చుట్టుకీ లేన్లు మార్చుకుంటారు. బయటినుంచి లోపలికి వచ్చేవాళ్ళది దారి. లోపలినుంచి బయటికి పోయేవాళ్ళు చూసుకుని, అవసరమైతే ఆగి పోవాలి. నేను గమనించిన విచిత్రం ఒకటుంది. బయటినుంచి లోపలికి వచ్చేటప్పుడు ఆవిడ రాజుగారిలా వచ్చేస్తారు. లోపలినుంచి బయటికి పోయేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. వెనక ఎవరూ లేకపోయినా సరే. ట్రాక్ ఖాళీగా ఉన్నా తల తిప్పి చూసి, కనబడని మనిషికెవరికో దారిచ్చి, అప్పుడు కదులుతారు.

"ఎవరికండీ ఆ దారివ్వడం?" అని అడిగాను, ఒకరోజు కాఫీ కప్పులు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నప్పుడు. పోట్లాడుకున్నవాళ్ళు స్నేహితులవడానికి మా ఊళ్ళో చలి ఒక్కటి చాలు.

"అలవాటు," అన్నారు. "స్కేటింగ్ చేసేదాన్ని. నార్వేలో. ఒకసారి దేశం మొత్తం మీద రెండో స్థానం వచ్చింది."

నేను పొంగిపోయి సునీతకి చెప్పాను. సునీత "రెండో స్థానమా! అబ్బ, అయినా గొప్పే గదా" అంది. ఆ "అయినా" విని కూడా ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు.

ఆవిడ జీవితం మొదటినుంచి చివరిదాకా నాకు తెలియదు. ఎవరైనా అడిగితే ముక్కలు ముక్కలుగా చెప్పగలను. అమ్మాయిగా ఉన్నప్పుడు చెప్పుల దుకాణంలో పనిచేసేవారు. "రోజంతా మోకాళ్ళ మీద వంగి ఊరివాళ్ళ కాళ్ళకి బూట్లు తొడగడమే నా ట్రైనింగ్" అనేవారు. అప్పటి ఓవల్‌కి పైకప్పు లేదు. ఫుట్‌బాల్ మైదానానికి ఫైరింజన్ గొట్టంతో నీళ్ళు పెట్టి గడ్డకట్టనిచ్చేవాళ్ళట. మగవాళ్ళ పందేలు అయ్యాక, బ్యాండువాళ్ళు భోజనానికి పోయినప్పుడు, ఆడవాళ్ళని వదిలేవాళ్ళు. స్వెట్టర్ లోపల దినపత్రిక కాగితాలు కుక్కుకుని పరిగెత్తేవాళ్ళు, గాలి తగలకుండా. "ఏ పేపరు?" అని నేనడిగితే, "మందంగా ఉండేది. ఆదివారం పేపరు," అన్నారు.

టైము విషయంలో పిచ్చి మనిషి. కాఫీ కాగడానికీ, ట్రాఫిక్ లైటు మారడానికీ, చర్చిలో పాస్టర్ ప్రార్థన అవడానికీ అన్నిటికీ ఆవిడ దగ్గర సెకన్ల లెక్క ఉండేది. దశాంశంతో సహా. మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు మా ఆయన పెరుగన్నం తినడం చూసి, "మొదటి సగం చాలా వేగం. రెండో సగంలో పడిపోయాడు," అన్నారు. నార్వేలో వాళ్ళ ఊళ్ళో ఆ రోజుల్లో అందరూ అంతేనట. పందెం జరుగుతుంటే ఇళ్ళల్లో రేడియో పక్కన కూర్చుని ఒక్కొక్క చుట్టు టైమూ నోటుపుస్తకంలో రాసుకునేవాళ్ళట. ముసలివాళ్ళు, పిల్లలు, బేకరీవాడు. మనం క్రికెట్ స్కోరు వింటాం, వాళ్ళు రాసుకుంటారు.

ఆవిడ మాటలు కొన్ని నా నోటికి అంటుకున్నాయి. "తిన్నని దారిలో అందరూ అందగత్తెలే, మలుపులో చూడు." మా ఆఫీసులో మేనేజర్లని ఎంచడానికి ఇంతకన్నా మంచి కొలత నాకు దొరకలేదు. ఇంకోటి, "మంచు అందరికీ ఒకటి కాదు, జతకి మాత్రమే ఒకటి." పొద్దున పరిగెత్తినవాళ్ళకి గట్టి మంచు, మధ్యాహ్నం వాళ్ళకి మా చినూక్ లాంటి వెచ్చటి గాలి కొట్టి నీళ్ళోడిన మంచు. ఒక్క నీ జతకే నీ మంచు ఎలా ఉందో తెలుస్తుంది.

జత అనేమాట ఆవిడ ఎక్కువ వాడేవారు. "నా జత" అంటే మొగుడనుకున్నాను మొదట్లో. మొగుడు జియాలజిస్టు, ఆయనతోనే అల్బర్టా వచ్చారు, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. జత అంటే ఆయన కాదు. తనతో చివరి పందెం పరిగెత్తిన అమ్మాయి.

అసలు విషయం బయటపడింది నా కత్తిపీట వల్ల. తెనాలినుంచి మోసుకొచ్చిన కత్తిపీట అది, మొద్దుబారిపోయి వంకాయని కూడా నలిపేస్తోంది. ఈ దేశంలో వీధిలో సానపట్టేవాడు ఎక్కడ దొరుకుతాడు? "మామ్మగారూ, మీరు స్కేట్లకి పదును పెడతారుగా, దీని సంగతి చూస్తారా?" అన్నాను. తీసుకురమ్మన్నారు.

గరాజ్‌లో కారు లేదు. పొడుగాటి బల్ల, దానిమీద స్కేట్లు రెండూ తలకిందులుగా బిగించే ఇనప చట్రం, నూనెపట్టి నల్లబడిన సానరాళ్ళు. ఓవల్‌లో పరిగెత్తే అమ్మాయిలు కొందరు ఇప్పటికీ తమ స్కేట్లు ఆవిడకే ఇచ్చేవాళ్ళు. కత్తిపీటని నాలుగువైపులనుంచీ చూశారు. నేను నేలమీద కూర్చుని, కాలితో పీట తొక్కి పట్టి, లేని వంకాయని కోసి చూపించాను.

"కత్తి కదలదు, కూరగాయ కదులుతుందా?"

"అవును."

"చాలా తెలివైన పని," అని తృప్తిగా తల ఊపారు. "స్కేటుకి కూడా ఇలాంటి వంపే ఉంటుంది, కంటికి కనబడనంత." పీటని బల్లకి బిగించి, చిన్న రాయి చేతిలోకి తీసుకుని, వంపు వెంట ఒకే లెక్కలో, ఒకే బరువుతో దువ్వడం మొదలుపెట్టారు. మాటలు లేవు. మధ్యమధ్య బొటనవేలి గోరు అంచుమీద ఆనించి లాగి చూస్తున్నారు. గోటిమీద సన్నని పొట్టు లేచేదాకా ఒప్పుకోలేదు.

చేతులు ఊరుకోక నేను బల్లమీద సామాను కదుపుతున్నాను. స్క్రూలు పోసిన ఒక చిన్న గిన్నె చేతికొచ్చింది. నల్లబడింది కానీ వెండిదే. పైన నాకు రాని భాషలో రెండు వరసలు, వాటి ముందు ఒకటి అంకె.

"ఇదేంటి?"

"స్క్రూల గిన్నె."

"అది నాకూ కనబడుతోంది. ఒకటి అని ఉందేం? మీరు రెండో స్థానం అన్నారుగా?"

"ఒకటి అని చెక్కారు. నేను రెండు."

"చెక్కినవాడు తాగి ఉన్నాడా?"

"వాడి తప్పేం లేదు. లేన్ మార్పు దగ్గర నిలబడ్డ రిఫరీ కళ్ళద్దాలమీద మంచు తుడుచుకుంటున్నాడు," అన్నారు, రాయి ఆపకుండా.

లోకంలో అబద్ధాలు చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను. అందరూ తమ స్థాయి పైకి పెంచి చెప్పేవాళ్ళే. మా కాలనీలో మేనేజరంటే టీమ్ లీడని, టీమ్ లీడంటే నిన్న చేరాడని అర్థం. కిందికి అబద్ధం చెప్పే మనిషిని చూడటం అదే మొదలు. వదుల్తానా? కుర్చీ లాక్కుని కూర్చుని, ఆఫీసులో అడిగినట్టే అడిగాను.

సంగతిది. ఆఖరి పందెం మూడువేల మీటర్లు. అప్పటికి పాయింట్లలో ఆవిడా, ఆవిడ జతా దాదాపు సమానం. ఆ పందెంలో ఎవరు ముందొస్తే వాళ్ళే ఛాంపియన్. జత మొదటినుంచీ ముందుంది. చివరికి ముందు చుట్టులో, లేన్లు మార్చుకునే చోట ఇద్దరూ భుజం భుజం కలిసి వచ్చారు. ఈవిడ లోపలినుంచి బయటికి పోవాలి. ఆగి దారివ్వాలి. ఇవ్వలేదు. దూసుకుపోయారు. జత వంగిన నడుం ఎత్తి నిలబడిపోయింది. స్కేటింగ్‌లో నిలబడ్డావంటే గాలి నిన్ను గోడలా కొడుతుంది. ఈవిడ గెలిచింది రెండు సెకన్లు కూడా లేని తేడాతో. రిఫరీ చూడలేదు. జత ఫిర్యాదు చెయ్యలేదు.

"ఆ అమ్మాయి ఒక్క మాట అనలేదు లాయర్. వచ్చి నాతో చెయ్యి కలిపింది. అదే..." అని ఆగి, గోరు మళ్ళీ అంచుమీద లాగారు. "నేను నోరెత్తి చెప్పి ఉండాల్సింది. బహుమతి గిన్నె తీసుకున్నాను."

ఖాళీ ట్రాక్‌మీద ఎవరికి దారిస్తున్నారో అప్పుడు తెలిసింది నాకు.

"ఆవిడ ఎక్కడున్నారిప్పుడు?"

"అక్కడే. ఊరి వృద్ధాశ్రమంలో. ప్రతి క్రిస్మస్‌కీ కార్డు రాసుకుంటాం. వాతావరణం గురించి."

"డెబ్బై ఏళ్ళనుంచి వాతావరణం గురించా?"

"మాకక్కడ వాతావరణం చాలా ఉంటుంది."

అక్కడ ఆగిపోయి ఉంటే నేను నేనెందుకవుతాను? ప్రతి శనివారం అదే పాట. కాగితం రుమాలు మీద ట్రాక్ బొమ్మ గీసి, మీరెక్కడున్నారు, ఆవిడెక్కడుంది, నడుం ఎప్పుడెత్తింది అని పీకేదాన్ని. ఒక్కళ్ళ సాక్ష్యంతో, అదీ తప్పు చేశానని చెప్పుకునేవాళ్ళ సాక్ష్యంతో, కేసు మూసెయ్యకూడదు, రెండోవాళ్ళని అడగాలి అనేదాన్ని. సునీత మొట్టికాయ వేసినంత పనిచేసింది. "ఆమె 'అవునే, నన్ను మోసం చేసినవ్' అంటే ఏం జేస్తవ్? తొంభై ఏండ్ల మనిషి గుండె ఆగుతది. నీకు రిపోర్ట్ గావాలె, అంతేగా?"

మా ఆయనదీ అదే మాట. "నీకెందుకే? ఆవిడ రెండు అనుకుంటోంది, హాయిగా ఉంది."

"హాయిగా ఉన్న మనిషి ఖాళీ ట్రాక్‌మీద ఆగుతుందా?" అన్నాను. సునీత అన్నది నాకూ భయమే. అయినా తరవాతి శనివారం నా నోరు జారింది. "మీకు నిజం కన్నా ఆ తప్పే ఇష్టమండీ. డెబ్బై ఏళ్ళు పెంచుకున్నారు కదా, వదలబుద్ధి కావడం లేదు. అడగడానికి మీకు భయం," అన్నాను.

ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టారు, సగం తాగకుండా. కోటు వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ మరుసటి శనివారం రాలేదు. ఫోను ఎత్తలేదు. ఆ పై శనివారం కూడా రాలేదు. సోమవారం వాళ్ళింటికి పోయాను. గుమ్మం ముందు మంచు శుభ్రంగా చెక్కి ఉంది. మనిషి బాగానే ఉందని అర్థమై ఊపిరి పీల్చుకున్నాను కానీ, బెల్లు కొట్టడానికి ధైర్యం చాల్లేదు. నాకు! ధైర్యం చాల్లేదు!

బుధవారం పొద్దున నేను ఇంటినుంచి పనిచేస్తుంటే తలుపు చప్పుడైంది. ఆవిడే. ఉన్ని టోపీ, చేతిలో టాబ్లెట్.

"దీనిమీద మొహం చూస్తూ మాట్లాడాలట. నా జత మనవరాలు ఏర్పాటు చేసింది. నాకు చేతకాదు. మొదలుపెట్టింది నువ్వు, నువ్వే కలుపు," అన్నారు. "తొమ్మిదింటికి. అక్కడ సాయంత్రం అయిదు. మూడు నిమిషాలుంది."

"మామ్మగారూ, పోనీ వద్దులెండి," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని ఇంతవరకూ మా ఆయనకి చెప్పలేదు.

"భయమా, లాయర్?" అని కుర్చీలో కూర్చున్నారు.

తెరమీద తెల్లటి జుట్టు, ఎర్రటి గుండ్రని మొహం ఒకటి మరీ దగ్గరగా కనబడింది. ఇద్దరూ కాసేపు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తరవాత నార్వే భాషలో మాటలు. నాకు ఒక్క ముక్క తెలియదు. కాఫీ పెట్టే నెపంతో స్టవ్ దగ్గర నిలబడి ఆవిడ వీపు చూస్తున్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడారు, ఒకే గొంతుతో, దువ్వినట్టు. చెప్పడం అయిపోయింది. అవతలినుంచి చప్పుడు లేదు. మా ఫ్రిజ్ అంత గట్టిగా మోగుతుందని ఆ రోజే తెలిసింది.

అప్పుడు అవతలావిడ ఏదో అంది. ఈవిడ "ఏంటీ?" అన్నట్టుగా ముందుకి వంగారు. అవతలావిడ ఇంకా గట్టిగా చెప్పింది. తరవాత కాగితాలు తిప్పుతున్న చప్పుడు, అంకెలు. నార్వే భాషలో అంకెలన్న సంగతి చదివే తీరుని బట్టి పోల్చుకున్నాను. ఈవిడ చేత్తో గాలిలో గీస్తుంటే పెన్నూ, బల్లమీదున్న కరెంటు బిల్లు కవరూ అందించాను. రాసుకున్నారు. చూసుకున్నారు. ఉన్నట్టుండి బల్లమీద అరచేత్తో ఫెడీమని కొట్టి, తెరమీది మనిషిని తిట్టడం మొదలుపెట్టారు. తిట్టే, అది ఏ భాషలోనైనా తెలుస్తుంది. తెరమీదావిడ నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుంటూ, కట్టుడు పళ్ళు సర్దుకుంటూ నవ్వుతోంది. ఇంతలో ఈవిడ కూడా.

నేను స్టూలు లాక్కుని ఆవిడ పక్కకి వచ్చి కూర్చున్నాను.

"ఏమన్నారు? చెప్పండి, నా ప్రాణం పోతోంది."

"అలిసిపోయిందట," అన్నారు ఆవిడ. "అంతకు ముందు చుట్టులోనే కాళ్ళయిపోయాయట. లేచి నిలబడటానికి ఏ సాకు దొరుకుతుందా అని చూస్తోందట. నేను అడ్డొచ్చానట, దేవుడు పంపినట్టు! నిలబడింది. ఊరంతా ఏమనుకున్నారు? పాపం, అన్యాయం జరిగినా నోరెత్తలేదు, ఎంత మంచి పిల్ల అని. పడవల ఆసామి కొడుకు ఆ మంచితనం చూసే పెళ్ళాడాడట. నోరెత్తితే చుట్ల టైములు బయటికి తీస్తారని భయమట దానికి! డెబ్బై ఏళ్ళు! దొంగ ముండ!"

"మీ మనసు నొప్పించకూడదని అలా అంటున్నారేమో?" అన్నాను. ఏం చెయ్యను, ఉద్యోగ ధర్మం.

కవరు నా మీదకి విసిరారు. ఆ రోజు మైదానం అంచున నిలబడి జత తమ్ముడు రాసుకున్న టైములట, పుస్తకం ఆవిడ దాచుకునే ఉంది. జతకి ఒక్కో చుట్టుకి పట్టిన సెకన్లు నలభై ఆరు, నలభై ఆరున్నర, నలభై ఎనిమిది, నలభై తొమ్మిదిన్నర. ఆఖరిది ఆ మార్పుకి ముందు చుట్టు. అంటే ఎవరూ అడ్డు రాకముందే మనిషి జారిపోతోంది. ఈవిడ చుట్లన్నీ నలభై ఏడు దగ్గరే ఉన్నాయి, అవి ఆవిడకి నోటికొచ్చు. ఫిజిక్స్ ఎమ్మెస్సీ ఎందుకూ పనికిరాలేదని మా నాన్న బాధపడేవాడు కానీ, ఆ రోజు కరెంటు బిల్లు కవరుమీద అదే లెక్క రెండుసార్లు వేశాను. దారిచ్చినా, ఇవ్వకపోయినా, గెలుపు గీత దాటేసరికి ఈవిడే ముందుంటారు.

"పందెం మీదే," అన్నాను.

నవ్వు ఆగిపోయింది ఆవిడకి. "కానీ దాని కాళ్ళయిపోయాయని నాకు తెలియదు కదా. దారివ్వకుండా పోయాను, తెలిసే పోయాను. అది నిజమే కదా, లాయర్?"

"నిజమే. మా ఆఫీసులో దాన్ని నియర్ మిస్ అంటాం. తప్పు జరిగింది, దెబ్బ ఎవరికీ తగల్లేదు. రిపోర్టు రాస్తాం, సంతకం పెట్టిస్తాం, ఫైలు మూసేస్తాం. ఎవరినీ ఉద్యోగంలోంచి తియ్యం. గిన్నె కూడా వెనక్కి తీసుకోం."

"డెబ్బై ఏళ్ళు ఆలస్యంగా రిపోర్టు ఇస్తే?" అన్నారు.

"దానికి మాత్రం మా మేనేజరు చంపేస్తాడు."

"కాఫీ ఇస్తానన్నావు. ఆరు నిమిషాలయింది," అన్నారు.

ఆ తరవాత మూడేళ్ళు బతికారు. పండగకీ పబ్బానికీ కాకుండా వారానికోసారి ఆ ఇద్దరూ తెరమీద తిట్టుకునేవాళ్ళు. ట్రాక్‌మీద లేన్ మారడం మానలేదు, బయటికి పోయేటప్పుడు ఆగడమూ మానలేదు. "ఇంకా ఎందుకండీ?" అంటే "రూలు," అన్నారు. ఒకటో స్థానం అని ఆవిడ ఎవరితోనైనా చెప్పగా నేను వినలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. నన్నెరిగినవాళ్ళు నమ్మరు కానీ, నిజం.

పోయిన మూడో రోజు కూతురు ఇల్లు సర్దడానికి కాల్గరీ వచ్చింది. రిటైరైన టీచరు, నాకన్నా పెద్దది, వాళ్ళమ్మ పొడుగే వచ్చింది. పులిహోర పట్టుకుని పోతే వంటగది బల్లమీద కాగితం పెట్టుకుని కూర్చుని ఉంది.

"మీరు అమ్మకి దగ్గరవాళ్ళు కదా, ఒకటి అడగాలి. పేపర్లో వెయ్యాల్సిన నోటీసు అమ్మే రాసి పెట్టుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇదొక్కటే..." అని వేలు పెట్టి చూపించింది. వంకర లేని అక్షరాల్లో ఉంది, నార్వే మహిళల స్పీడ్ స్కేటింగ్ ఛాంపియన్, మొదటి స్థానం అని. "మాకు చిన్నప్పటినుంచీ రెండో స్థానమనే చెప్పింది. చివర్లో అమ్మకి జ్ఞాపకం తప్పిందేమో. తప్పు అచ్చయితే బాగుండదు. రెండు అని దిద్దెయ్యనా?"

"పెన్ను కింద పెట్టండి," అన్నాను.

మొత్తం చెప్పాను. కవరు సంగతి, దొంగ ముండ సంగతి కూడా. కూతురు వింటూ నవ్వింది, తరవాత టోపీలూ మేజోళ్ళూ సర్దిన అట్టపెట్టె మీద తల వాల్చి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. ఆలస్యంగానైనా వచ్చింది.

మర్నాడు మళ్ళీ ఫోను చేసింది. "నార్వేలో అమ్మ జతకి కబురు చెప్పాను. ఆవిడ ముందు అమ్మని బాగా తిట్టింది. తరవాత, పేపర్లో మొదటి స్థానం అని వేస్తే రెండో స్థానం ఎవరిదో కూడా వెయ్యాలి, లేకపోతే ఒప్పుకోను, అది నాది, ఇన్నేళ్ళూ మీ అమ్మ వాడుకుంది అంటోంది. చనిపోయినవాళ్ళ నోటీసులో బతికున్నవాళ్ళ స్థానం వేస్తారా ఎక్కడైనా? ఏం చెయ్యమంటారు?"

"వెయ్యండి," అన్నాను. "పేపరువాళ్ళు కాదంటే నాకివ్వండి ఫోను."

నాదాకా రాలేదు. శనివారం పేపర్లో ఆవిడ ఫొటో, వయసు, ఊరు, ప్రార్థన ఎన్నింటికి అన్నీ వేశారు. పుట్టిన ఊరి పక్కనే మొదటి స్థానం అని ఉంది. దాని కింద ఇంకో పేరు, రెండో స్థానం, వయసు తొంభై అయిదు. ఆ పక్కన, చదివేవాళ్ళు పొరపడకుండా కూతురు చేర్పించిన మాట, వారు క్షేమంగా ఉన్నారు అని.